తెరమీద చిరుత, గుట్టమీద చిరుత

మన పల్లెలలో పాత దేవాలయాల మండపాలలోను, రచ్చబండల రాళ్లమీదను ఉలితో గీసిన గీతలు నేటికీ అక్కడక్కడ కనిపిస్తుంటవి. అది పులి–మేక ఆట. ఒకరివి మూడు పులులు, మరొకరివి పదిహేను మేకలు. పులి మేకమీదుగా దూకి దానిని తింటుంది. మేకలన్నీ ఒక్కటై పులికి కదలడానికి చోటు లేకుండా కట్టివేస్తవి. ఈ ఆటలో పులి చచ్చిపోవడమన్నది లేదు. చోటు లేకపోవడమే దాని ఓటమి. ఈ ఆటను కల్పించినవారెవరో గాని, పెద్దపిల్లుల జాతిని గురించిన ఒక గట్టి సంగతిని నాలుగు గీతలలో ఇమిడ్చి పోయినారు.

ఇప్పుడు మన ఇండ్లలో పిల్లలు ఇంకొక రకం పులి ఆట ఆడుతున్నారు. కంప్యూటరు తెరమీద జంతుప్రదర్శనశాలను కట్టి, నడిపే ఆట అది. 2001లో ‘జూ టైకూన్’ అనేది వచ్చి చాల దేశాలలో వ్యాపించింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన ఫ్రాంటియర్ సంస్థ 2019 నవంబరులో విడుదల చేసిన ‘ప్లానెట్ జూ’ ఈ తరహా ఆటలలో మరింత నిండైనది. దీనిలో ఆడేవాడే జూకు అధికారి. భూమిని చదును చేయడం, కంచె కట్టడం, జంతువులను తెప్పించడం, సిబ్బందికి జీతాలివ్వడం, వచ్చిన ప్రేక్షకులకు కూర్చునే చోటు, త్రాగే నీళ్లు అమర్చడం అంతా అతని పూచీయే.

ఈ ఆటలో రష్యా తూర్పు కొసన ఉండే ఆమూరు చిరుత ఉన్నది. మన చిరుతకు అది దగ్గరి జ్ఞాతి. దానిని తెచ్చుకొన్న పిల్లవాడు ఎన్ని సంగతులు చూచుకోవాలో వింటే పెద్దలకు ఆశ్చర్యం కలుగుతుంది. చిరుత చెట్లెక్కే జంతువు గనుక కంచె ఎత్తుగా ఉంటే చాలదు, ఎగబ్రాకడానికి వీలు లేకుండా ఉండాలి. లేకపోతే అది బయటపడుతుంది, ప్రేక్షకులు చెదిరి పరుగెత్తుతారు. నేల, గడ్డి, రాళ్లు, చెట్లు దానికి తగిన పాళ్లలో ఉండాలి. ఎండకు, చలికి దాగేందుకు ఒక గూడు కావాలి. జనం అన్ని వైపులనుంచీ మూగితే అది బెదురుతుంది. ఊరక తిండి పెడితే చాలదు. దానికి పొద్దుపోయే పని కూడ కల్పించాలి. దగ్గరి రక్తసంబంధం గలవానిని జత కలిపితే పిల్లలు బలహీనమవుతవి. ఇవన్నీ తప్పితే జంతువు చిక్కిపోతుంది. జూ ముందు జనం నిరసన పలకలు పట్టుకొని నిలుస్తారు.

ఇది వట్టి కాలక్షేపమని కొట్టివేయరాదని మా అభిప్రాయం. ఒకప్పుడు పెద్దలే ఎరుగని విషయాలు నేడు పన్నెండేండ్ల పిల్లలకు ఈ ఆటవల్ల తెలుస్తున్నవి. పూర్వం రాజులు, జమీందారులు పులులను ఇనుపబోనులలో నిలిపి ఉంచేవారు. నాలుగడుగులు ముందుకు, నాలుగడుగులు వెనుకకు నడవడమే దాని బ్రతుకు. అట్లా నడిచే పులిని చూచి ‘ఎంత ఠీవిగా నడుస్తున్నదో’ అనుకొనేవారు. బందీగా ఉన్న జంతువు ఒకే దారిన అదేపనిగా తిరగడం ఠీవి కాదు, మనోవ్యాధి. ఈ సంగతి ఇప్పుడు జంతుశాస్త్రజ్ఞులకే కాక ఆట ఆడే పిల్లవానికీ తెలుసు.

మన హైదరాబాదులో మీరాలం చెరువు ప్రక్కన ఉన్న నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963 అక్టోబరులో ప్రజలకు తెరువబడింది. బోనులకు బదులు కందకాలతో కూడిన బహిరంగ ఆవరణలు ఉండాలనే ఆలోచనకు ఆ కాలపు జూలలో ప్రాముఖ్యం వచ్చింది. తరువాత 1992లో దేశంలోని జూలన్నిటిమీద అజమాయిషీకి కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ ఏర్పడింది. ఒక జత చిరుతలకు కనీసం 500 చదరపు మీటర్ల బయలు ఆవరణ ఉండాలని నియమాలు చెప్పుచున్నవి. మన రైతుల లెక్కలో అది సుమారు ఐదు గుంటలు. రాత్రి పడుకొనే గది దీనికి వేరు. పగలు ఆవరణలో తిరిగిన జంతువును సాయంకాలం తిండి చూపి ఆ గదిలోనికి పిలుస్తారు. సంరక్షకుడు ఒక తలుపు మూసిన తరువాతనే రెండవ తలుపు తీస్తాడు. అడవిలో చిరుతకు ప్రతిరోజూ వేట దొరకదు గనుక సాధారణంగా వారంలో ఒకరోజు దానికి పస్తు. క్రొత్తగా వచ్చిన జంతువును మిగిలినవానితో కలుపకుండా కొంతకాలం విడిగా ఉంచుతారు. ఏ రోగమున్నదో చూస్తారు.

ఇంత జాగ్రత్తలోను ప్రమాదం ఏ వైపునుంచి వస్తుందో చెప్పలేము. 2021 మే నెలలో ఆ జూలోనే ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకినట్లు తేలింది. మన దేశంలో జూ జంతువులలో ఆ వ్యాధిని కనుగొన్నది అదే మొదటిసారి. అవి కోలుకొన్నవి. కాని 2000 అక్టోబరులో జరిగిన ఘోరానికి మందు లేదు. సఖి అనే ఆడపులిని రాత్రివేళ దాని గదిలోనే చంపి, చర్మం ఒలుచుకొని పోయినారు. ఆ పులిని లోపల నిలుపగలిగిన గోడలు మనుష్యుల ఆశను బయట నిలుపలేకపోయినవి. పెద్దపిల్లికి సంరక్షణ అంటే దానినుంచి మనలను కాపాడుకొనడమే కాదని, మననుంచి దానిని కాపాడడం కూడ అని ఆ సంఘటన చెప్పింది.

ఇక మనవైపు చిరుత సంగతి చూతాము. మొదట పేరు. చిరుత వేరు, చీతా వేరు. చీతా బయలులో పరుగెత్తి వేటాడే సన్నని జంతువు. అది మన దేశంలో అంతరించిపోయిందని 1952లో ప్రకటించారు. 2022లో ఆఫ్రికానుంచి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి మళ్లీ తెచ్చినారు. చిరుతపులి మాత్రం ఎన్నడూ మనలను విడిచిపోలేదు. దాని పచ్చని మేనిమీది నల్లమచ్చలు పూలగుత్తులవలె ఉంటవి. ఏ రెండు చిరుతల మచ్చలూ ఒకటిగా ఉండవు. అడవిలో చెట్లకు కట్టిన కెమెరాలు తీసే బొమ్మలలో మచ్చలనుబట్టియే వానిని లెక్కిస్తారు. 2022లో జరిగిన లెక్కలో దేశంలో 13,874 చిరుతలు ఉండవచ్చునని తేలింది.

మగ చిరుత 50 మొదలు 75 కిలోల దాకా తూగుతుంది. ఆడది అంతకంటె చాల చిన్నది. తన బరువంత వేటను నోట కరచి చెట్టు ఎక్కించగలదు. జింక దొరికితే జింక, లేకపోతే కుందేలు, అడవిపంది పిల్ల, నెమలి, కుక్క, మేక. ఇది తినను, ఇక్కడ ఉండను అనే పట్టింపు లేకపోవడమే దాని బలం. పెద్దపులికి పెద్ద అడవి కావాలి. చిరుతకు ఒక గుట్ట, గుట్టలో ఒక గుహ, క్రింద ఒక కుంట, కొంత పొద ఉంటే చాలు. ఈ వర్ణన వినగానే పాలమూరు, నల్లగొండ ప్రాంతాలవారికి తమ ఊరు కండ్లకు కట్టి ఉంటుంది. రాయిమీద రాయి పేర్చినట్లుండే మన గుట్టలు చిరుతకు తాతముత్తాతల నాటి ఇండ్లు.

ఈ రెండు ప్రాంతాలకు దక్షిణాన కృష్ణ ఒడ్డున నల్లమల ఉన్నది. ఒకప్పుడు నిజాము ప్రభువుల వేటకు ప్రసిద్ధమైన ఫరహాబాదు అక్కడిదే. ఈ అడవి 1983నుంచి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగంగా ఉండేది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలోని భాగం 2015లో అమ్రాబాదు పులుల అభయారణ్యమైంది. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. పాత మహబూబ్‌నగరంనుంచి 2016లో విడివడిన నాగర్‌కర్నూలు జిల్లాలోను, నల్లగొండ జిల్లాలోను అది పరచుకొని ఉన్నది. ఒక్క చిరుత తన తావుగా తిరిగే నేల పది చదరపు కిలోమీటర్లనుకొన్నా, అది 2,470 ఎకరాలు. జూలో జతకు ఐదు గుంటలు. అడవిలో ఒక్కదానికే వేల ఎకరాలు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని ఏ మంచి తిండీ, ఏ మంచి వైద్యమూ పూడ్చలేవు.

మరి చిరుత ఆ వేల ఎకరాలను విడిచి జూకు ఎట్లా వస్తుంది? ఆటలో దీనికి జవాబు సులభం. జాబితా తెరచి, వెల చెల్లిస్తే పెట్టెలో వచ్చి దిగుతుంది. మనవైపు అది వచ్చే దారి వేరు. 2020 జనవరిలో నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక చిరుత పొలం దగ్గరి ఉచ్చులో చిక్కింది. అటవీశాఖవారు వచ్చి, మత్తుసూది వేసి, నెహ్రూ జూకు తరలించినారు. అదే సంవత్సరం మే నెలలో అదే మండలంలో ఇంకొక చిరుత తీగెలో చిక్కుకొన్నది. పట్టుకొనబోగా బెదరి మీదపడి సిబ్బందిని గాయపరచింది. చివరకు మత్తిచ్చి తీసుకొనిపోయినా దాని ప్రాణం దక్కలేదు.

ఈ ఉచ్చులు చాలవరకు చిరుతకోసం పెట్టినవి కావు. వేరుసెనగను, మొక్కజొన్నను త్రవ్విపోసే అడవిపందులకోసం రైతులు, మాంసానికై వేటగాండ్లు పెట్టేవి. మోటారుసైకిలు తీగె ఒక మూర, ఒక గుంజ ఉంటే చాలు. ఆ తీగెకు పంది ఏదో, చిరుత ఏదో తెలియదు. నడుమునకు తీగె పడిన చిరుత గుంజుకొన్నకొద్దీ అది కోసుకొనిపోతుంది. పైకి గాయం చిన్నదిగానే కనిపించినా లోపలి అవయవాలు నలిగిపోతవి. జనం చుట్టూ చేరి కేకలు వేస్తుంటే దాని గుండె మరింత తల్లడిల్లుతుంది. అట్లాంటి స్థితిలో మత్తుసూది వేయడం వైద్యునికి కత్తిమీద సాము. ఎండాకాలపు మధ్యాహ్నమైతే చెప్పనే అక్కరలేదు.

ఆటకూ అడవికీ పొత్తు కుదరని చోటు ఇంకొకటి ఉన్నది. అది జంతువును విడిచిపెట్టే ఘట్టం. ‘ప్లానెట్ జూ’లో పెంచిన జంతువును అడవికి పంపే సదుపాయం ఉన్నది. ఒక్క మీట నొక్కితే జంతువు తెరనుంచి మాయమవుతుంది, ఆడేవాని ఖాతాలో పుణ్యంవలె కొన్ని మార్కులు చేరుతవి. అడవికి పంపడం మంచిపని అని పిల్లలకు నేర్పినందుకు ఆ ఆటను మెచ్చుకోవలసినదే. ఐతే మాయమైన చిరుత ఎక్కడ దిగింది, ఆ రాత్రి ఏమి తిన్నది, అక్కడ ముందే ఉన్న చిరుత దానిని ఏమి చేసింది అనే ప్రశ్నలకు తెరమీద చోటు లేదు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

మహారాష్ట్రలో పుణే జిల్లాలోని జున్నరు ప్రాంతం చెరకుతోటల సీమ. 2001 తరువాత అక్కడ చిరుతలను పెద్దసంఖ్యలో పట్టి, దూరపు అడవులలో వదిలినారు. పీడ వదలిందనుకొన్నారు. విద్యా అత్రేయ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఆ తరువాతి సంగతులు పరిశీలించగా, మనుష్యులమీద దాడులు తగ్గకపోగా పెరిగినట్లు తేలింది. చిరుతలను వదిలిన తావుల దగ్గరి ఊళ్లలో కూడ దాడులు జరిగినవి. ఎరుగని చోట దించబడిన చిరుత తన పాతతావుకు తిరిగిపోవాలని చూస్తుంది. దారిలో ఊళ్లు తగులుతవి. అది ఖాళీ చేసిన తావులోనికి ఇంకొక చిరుత వచ్చి చేరుతుంది. ఈ అనుభవంవల్లనే 2011లో కేంద్ర పర్యావరణశాఖ ఇచ్చిన సూచనలలో, చిరుత కనిపించినంత మాత్రాన పట్టుకోవద్దని, తప్పనిసరియై పట్టినా దూరాలకు తరలించడం మంచిది కాదని చెప్పినారు.

బందీగా పుట్టిన చిరుత సంగతి ఇంకా కష్టం. నల్లసముద్రపు ఒడ్డున రష్యాలోని సోచీలో 2009లో పారశీక చిరుతల కేంద్రాన్ని స్థాపించారు. పిల్లలకు మనుష్యుల ముఖం తెలియకుండా పెంచి, బ్రతికి ఉన్న వేటను పట్టడం నేర్పి, మెడకు రేడియో పట్టీలు కట్టి, 2016లో మూడింటిని కాకసస్ అడవిలో వదిలినారు. మూడు చిరుతలకోసం ఏడేండ్లు పట్టింది. మన జూలో పుట్టి, సంరక్షకుని అడుగుల చప్పుడు వినగానే తిండి వస్తుందని అలవాటు పడిన చిరుతను అడవిలో వదిలితే, అది మొదట వెదకేది మనిషి అడుగుల చప్పుడే.

ఒక్కొక్కప్పుడు వేరే దారి ఉండదు. 2024లో శంషాబాదు విమానాశ్రయపు ఆవరణలో ఒక చిరుత కొన్ని రోజులపాటు తిరిగింది. కెమెరాలు, బోనులు అమర్చి, మే మొదటివారంలో పట్టినారు. జూలో పరీక్ష చేయించి అమ్రాబాదు అడవికి చేర్చినారు. విమానాలు దిగేచోట దానిని ఉండనివ్వలేరు గదా! ఐతే ప్రతి గుట్టమీది చిరుతకూ ఇదే మందు అనుకొంటే, అమ్రాబాదు ఎంత పెద్ద అడవియైనా చాలదు. అక్కడ కూడ తావులు ముందే పంచుకొని ఉంటవి.

జూవల్ల అడవికి ప్రయోజనం లేదని దీని అర్థం కాదు. ఇదే హైదరాబాదు జూలో 2010లో ఒక చిన్నప్రయత్నం ఆరంభమైంది. మూషిక జింక అని, కుందేలంత ఉండి, ఒంటిమీద తెల్లచుక్కలు గల పిరికిప్రాణి ఒకటి ఉన్నది. ఆరింటితో మొదలుపెట్టి, హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞుల ‘లాకోన్స్’ ప్రయోగశాలవారు, అటవీశాఖవారు, జూవారు కలసి వాని సంతతిని వృద్ధి చేసినారు. 2017లో మొదటి జట్టును అమ్రాబాదు అడవికి తీసుకొనిపోయినారు. ఒక్కసారిగా వదలక, కంచె వేసిన అడవిముక్కలో కొన్నాళ్లు ఉంచి, అక్కడి గాలికీ మేతకూ అలవాటు పడనిచ్చి, తరువాత తలుపు తీసినారు. ఆకు మేసే చిన్నజంతువుకే ఇంత ఓపిక కావలసి వచ్చింది. అది పెరిగిననాడు చిరుతకు అడవిలోనే తిండి దొరుకుతుంది. మేకలదొడ్డి వైపు చూడవలసిన అవసరం తగ్గుతుంది. చిరుతను పెంచి వదలడంకంటె చిరుత తినే జంతువును పెంచి వదలడమే మన చేతనైన పని.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉన్నది. చిరుత బాగుండాలని పట్టణంలో కూర్చుండి చెప్పడం సులువు. తండాలో పది మేకలమీద బ్రతికే సంసారానికి ఒక మేక పోతే బిడ్డ చదువుకు పెట్టిన డబ్బు పోయినట్లే. చిరుతకు కలిగే నష్టాన్ని దేశమంతా తెలుసుకొంటుంది. ఆ కాపరి నష్టం ఊరి పొలిమేర దాటదు. కాబట్టి చిరుత సంరక్షణ గురించి మాట్లాడేవారు మొదట మేక సంరక్షణ గురించి మాట్లాడవలె. మేము ఈ ప్రసంగంలో చెప్పదలచిన ముఖ్యవిషయం ఇదే. ఆటలో పిల్లవాడు చిరుత చుట్టూ కంచె కడుతున్నాడు. మన గుట్టలలో కట్టవలసిన కంచె మేక చుట్టూ.

ముళ్లకంప చుట్టిన దొడ్డి తోడేలును ఆపవచ్చును గాని చిరుతను ఆపలేదు. అది నిలువుగా మనిషి ఎత్తుకు మించి ఎగురుతుంది. గోడ ఎంత ఎత్తున్నా పైన మూత లేకపోతే దొడ్డి తెరచి ఉన్నట్లే. నాలుగు వైపులా గట్టి జాలీ, పైన జాలీయో రేకులో, సందులేని తలుపు ఉండాలి. ఒక్క మేక బయట కట్టివేయబడి ఉన్నా అదే ఎర అవుతుంది. గొర్లను పొలాలలో మంద పెట్టే గొల్ల కురుమలు గుట్టకు దూరంగా, పొదలు లేని బయలులో మంద వేయడం, రాత్రి మనుష్యులు మేలుకొని ఉండడం పూర్వంనుంచీ ఉన్నదే, దానిని విడువరాదు. ఊరి చివర మాంసపు వ్యర్థాలు పోస్తే కుక్కలు చేరుతవి. కుక్కలకోసం చిరుత వస్తుంది.

చిరుత మేకను చంపినప్పుడు వెంటనే ఆ సంగతిని అటవీశాఖ కార్యాలయానికి తెలుపవలె. వారు వచ్చి చూచి, పంచనామా జరిపిన తరువాతనే నష్టపరిహారానికి దారి ఏర్పడుతుంది. పరిహారం త్వరగా చేతికి అందడం పాలకుల బాధ్యత. అది ఆలస్యమైన ప్రతి నెలా చిరుతమీద ఒక పగవానిని పెంచుతుంది. కోపంతో కళేబరానికి విషం పూయడం మాత్రం చేయరాదు. ఆ విషం చిరుతతో ఆగదు. ఊరి కుక్కలు, గద్దలు, నక్కలు అన్నీ పోతవి. చిరుత 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి పట్టికకు చెందిన జంతువు. దానిని చంపినవారికి మూడేండ్లకు తక్కువ కాకుండా ఏడేండ్లదాకా శిక్ష ఉన్నది. చేనికి కరెంటుతీగె పెట్టేవారు ఇంకొకటి కూడ తలచుకోవలె. చీకటిలో ఆ తీగె తగిలి పోయినవారిలో రైతులు, రైతుల బిడ్డలు కూడ ఉన్నారు.

బావులను గురించి ఒక మాట. నీరు అడుగంటిన మన పాతబావులకు ఎన్నింటికో ఒడ్డు గోడ లేదు. రాత్రివేళ కుక్కను తరుముతూ వచ్చిన చిరుత అందులో పడుతుంది. పడినది చిరుత అని తెలిసిన తరువాత ఊరంతా చుట్టూ మూగడం ప్రమాదం. జనాన్ని దూరంగా పంపి, ఒక నిచ్చెననో, పొడుగాటి దూలాన్నో ఏటవాలుగా దించి, దానికి దారి వదిలితే చాలసార్లు చీకటిలో తానే ఎక్కి పోతుంది. ఐతే ఆ పని అటవీశాఖవారు వచ్చిన తరువాత, వారి ఎదుట జరుగవలె. దొరికిపోయినానని తలచిన చిరుతయే మీదపడుతుంది. దారి ఉన్న చిరుత దారి చూచుకొంటుంది.

ఈ నీతి నల్లమలలోని చెంచులకు ఎవరూ నేర్పనక్కరలేదు. పెంటలలో తరతరాలుగా పులుల మధ్య బ్రతికినవారు వారు. అడుగుజాడను చూచి ఏ జంతువు, ఎటు పోయినది చెప్పగలవారు. నేడు అమ్రాబాదు అడవిలో కావలిపనిలోను, జాడలు వెదకడంలోను వారు పాలుపంచుకొంటున్నారు. ఉచ్చులు ఏరివేయడానికి చదువుకన్న ఆ కన్ను అవసరం. ఆ అడవి నడుమగా పోయే హైదరాబాదు–శ్రీశైలం దారిలో రాత్రి తొమ్మిదినుంచి ఉదయం ఆరుదాకా వాహనాలను ఆపడం కూడ చిరుత సంరక్షణయే. మల్లన్న దర్శనానికి పోయేవారు మన్ననూరు దగ్గర ఆగవలసి వచ్చినప్పుడు విసుగుకొనకుండా ఉంటే, వారూ అందులో భాగస్వాములే.

చిరుతలు లేకుండా పోతే ఏమి నష్టమని అడిగేవారున్నారు. నష్టం మొదట చేనులోనే కనిపిస్తుంది. పంది పిల్లలను తినేవారు లేనప్పుడు పందుల మంద పెరుగుతుంది, పంట పోతుంది, ఇంకా ఎక్కువ ఉచ్చులు పెట్టవలసి వస్తుంది. గుట్టలను క్వారీలు పగులగొట్టి, కుంటలు పూడ్చివేసి, పొదలు కాల్చివేసిన తరువాత చిరుత ఊరిమీదికి వచ్చిందని మనం అంటాము. అది రాలేదు, అక్కడనే ఉన్నది. దాని చుట్టూ గీతలు ఒక్కొక్కటిగా మూసుకొనిపోయినవి.

కనుక ఇంట్లో పిల్లలు ఆ ఆట ఆడుతుంటే వారించవద్దు. ఒకనాడు ప్రక్కన కూర్చుండి చూడండి. వారు కట్టిన కంచె బలం చూచి మెచ్చుకొనండి. చిరుతను అడవికి పంపే మీట నొక్కబోయేటప్పుడు మాత్రం రెండు ప్రశ్నలు వేయండి: ఆ అడవిలో దానికి తిండి ఉన్నదా? ఆ అడవి అంచున మేకలున్నవారికి గట్టి దొడ్డి ఉన్నదా? ఈ ప్రశ్నలకు జవాబు ఆటలో దొరకదు. సెలవులలో వారిని ఒకసారి అమ్మమ్మగారి ఊరికో, దేవరకొండకో, అచ్చంపేటకో తీసుకొనిపోయి, సాయంకాలం మేకలు ఇంటికి మళ్లే వేళ ఒక కాపరిని అడుగనివ్వండి. జవాబు ఆయన చెబుతాడు.